మెలి తిరగని పిలక

పోయిన బుధవారం మా ఇంటి ముందు ఏం జరిగిందో మీలో సగం మందికి జుబేదా ఈపాటికి చెప్పేసే ఉంటుంది. చెప్పినదాంట్లో సగం తనే కలిపి ఉంటుంది. చెట్టు లేచి టీచరుగారి చెంప పగలగొట్టిందటగా అని ఇండియన్ షాపులో కందిపప్పు తీసుకుంటుంటే ఒకావిడ నన్నే అడిగింది! చెంప పగలగొట్టలేదండీ. కళ్ళజోడు లాగింది, అంతే. అందుకని ఉన్నదున్నట్టు నేనే రాస్తున్నా. నాది నాలుగో తరగతి చదువు, అదీ మధ్యలో ఆపేసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశా. కాబట్టి మీరూ నిదానంగా చదవండి.

నేను తెలియనివాళ్ళకి ముందు నా సంగతి చెబుతా. పేరు రత్నమ్మ. తెనాలిలో ముప్ఫై ఏళ్ళు పూలకొట్టు నడిపా. మాలలు, దండలు అందరూ కడతారు. నా పేరు మాత్రం పూలజడకి. మా పేటలో పెళ్ళికూతురి జడ నేను వెయ్యకపోతే ముహూర్తం వెనక్కి జరిపిన ఇళ్ళున్నాయి. మూరకి మూర సరిగ్గా కొలిచేదాన్ని, ఒక్క మొగ్గ తక్కువైనా మాల విప్పి మళ్ళీ కట్టేదాన్ని. ఎనిమిదేళ్ళ క్రితం మా అమ్మాయి పద్మ దగ్గరికి, ఈ క్రైస్ట్‌చర్చ్‌కి వచ్చాం, నేనూ మా ఆయనా. రిక్కార్టన్‌లో ఇల్లు. ముందు కాస్త జాగా ఉంది. చలికాలం పొద్దున లేస్తే ఆ జాగా అంతా ఫ్రాస్ట్‌తో ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటుంది.

ఇక టీచరుగారు. సుభద్రమ్మగారు. మాకు రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. ఒకప్పుడు హైస్కూలు టీచరు. పోయిన బుధవారానికి ఆవిడతో నేను మాట్లాడి నాలుగు చలికాలాలైంది. కారణం కరివేపాకు.

మేం బుధవారం బుధవారం కమ్యూనిటీ హాల్లో టీకి కలుస్తాం కదా, అక్కడే మొదలైంది. ఆవిడ నాకు కరివేపాకు మొక్క ఒకటి కుండీలో పెట్టి ఇచ్చింది. ఎర్ర కాగితం చుట్టి, బొట్టు పెట్టి మరీ ఇచ్చింది. నేను తెచ్చి ఎండ తగిలేట్టు వాకిట్లో పెట్టా. మర్నాడు చూస్తే ఆకులన్నీ నల్లగా, ఉడకబెట్టినట్టయిపోయాయి. ఫ్రాస్ట్ కొట్టేసింది. మూడో రోజుకి చచ్చింది. అది నా తప్పా? మంచులో పెట్టకూడదని నాకెవరు చెప్పారు? తెనాలిలో మంచెక్కడిది?

తర్వాత బుధవారం హాల్లో ఎవరో అడిగారు, "రత్నమ్మగారూ, కరివేపాకు ఎలా ఉంది?" అని. నేను నోరు తెరిచేలోపు టీచరుగారు టీ కప్పులో బిస్కెట్టు ముంచుకుంటూ, "అయ్యో, పోయిందట పాపం. ఆవిడ చేతిలో మొక్క బతకదు లెండి" అంది.

చూశారా! ముప్ఫై ఏళ్ళు పూలలో మునిగి తేలిన దాన్ని! నా చేతిలో మొక్క బతకదా! ఆ మాటకి హాల్లో ఆరుగురు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. వాళ్ళు ఇది చదువుతూ ఉంటే వాళ్ళకీ గుర్తొచ్చి ఉంటుంది. ఆ రోజునించి ఆవిడతో మాట మానేశా. టీ మానలేదు. టీ ఎందుకు మానాలి?

రెండేళ్ళయింది అలాగే. శ్రావణమాసం వచ్చింది. టీచరుగారు వరలక్ష్మీ వ్రతం చేసుకుని పేరంటానికి పిలిచింది. మనుషులతో కక్ష ఉండొచ్చు, అమ్మవారితో ఉండకూడదు కదా. వెళ్ళా. బొట్టు పెట్టించుకున్నా, వాయనం తీసుకున్నా, నోరు తెరవలేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ తలెత్తితే, గేటు పక్కన ఆ చెట్టు.

ఏం చెప్పమంటారు! ఆకు ఒక్కటి లేదు. ఇక్కడ శ్రావణమంటే చలికాలం కదా. కానీ కొమ్మలు! ఒక్కటి కూడా తిన్నగా లేదు. పాము మెలికల్లా, జిలేబీ చుట్టల్లా, జడ విప్పగానే మెలికలు మిగిలిన జుట్టులా తిరిగి ఉన్నాయి. ఆ మెలికల నిండా పసుపుపచ్చటి కుచ్చులు వేలాడుతున్నాయి. అచ్చం జడకుచ్చులే! గాలికి ఊగుతున్నాయి. నా జీవితంలో కొన్ని వందల జడలు వేశా. ఎవరూ వెయ్యకుండా జడ వేసుకుని నిలబడ్డ చెట్టుని మాత్రం అప్పుడే చూశా.

పక్కన జుబేదా ఉంది. జుబేదాది హైదరాబాదు, మా వీధి చివర ఇల్లు, పిలిచినా పిలవకపోయినా వస్తుంది.

"ఇదేం చెట్టే?" అన్నా చిన్నగా.

"హేజెల్ అంటరక్కా. కాయలకు కాదు, చూసుకునేటందుకు పెంచుతరు. టీచరమ్మను అడుగరాదు, ఒక కొమ్మ ఇస్తది."

"నేను అడగను."

"మరి షాపుల కొనుక్కో."

"కొనను."

అడగకపోవడానికి కక్ష ఒక్కటే కారణం కాదండీ. మా వైపు ఒక నమ్మకం ఉంది. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు, అడక్కుండా తెచ్చుకున్నది బ్రహ్మాండంగా బతుకుతుంది. మా తెనాలి పెరట్లో మందారం, నందివర్ధనం, ముళ్ళగోరింట అన్నీ అలా వచ్చినవే. దాన్ని దొంగతనం అనరు. కరివేపాకు ఎందుకు చచ్చిందో అప్పుడు అర్థమైంది నాకు. బొట్టు పెట్టి మరీ చేతికిచ్చింది, ఇక బతుకుతుందా?

చెట్టు మొదట్లో చూస్తే నాలుగైదు పిలకలు లేచి ఉన్నాయి. అరటికి వస్తాయే, అలాగ. అరటిపిలక తల్లిలాగే వస్తుంది, సందేహం లేదు. చెట్టుకి ఎప్పుడో కొన్నప్పటి చీటీ ఒకటి వేలాడుతోంది, బొమ్మా, కింద ఇంగ్లీషూ. బొమ్మ చూశా. అది చాలనుకున్నా.

జుబేదా గేటు దాటింది. నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి ఒక పిలక పట్టుకుని లాగా. తడిమట్టి కదా, తెల్లటి వేళ్ళతో సహా వచ్చేసింది. మూరెడు ఉంటుంది. వాయనం సంచిలో శనగల పక్కన పెట్టి కొంగు కప్పా. గేటు దగ్గర జుబేదా సంచి వంక చూసింది, నా మొహం వంక చూసింది, "శనగలు బరువున్నయా అక్కా?" అంది. నేను ఆకాశం వంక చూశా.

మొదటి సంవత్సరం కుండీలో పెట్టా. ఫ్రాస్ట్ రాకముందే లోపలికి, ఎండ రాగానే బయటికి. ఈసారి నేర్చుకున్నా కదా! మా ఆయన నవ్వేవారు, "రత్నం, నన్ను ఏనాడైనా అలా ఎండలో కూర్చోబెట్టావా?" అని. సెప్టెంబరులో చిగుర్లు వేసింది. గుండ్రటి గరుకు ఆకులు. బతికింది! నా చేతిలో మొక్క బతికింది! ఆ బుధవారం హాల్లో నేను ఎవరి వంకా చూడకుండా, అందరికీ వినపడేలా, "మా ఇంట్లో మెలికల హేజెల్ పెట్టాం. నర్సరీనించి తెచ్చా. దివ్యంగా ఉంది" అన్నా. టీచరుగారు తలెత్తి చూసి మళ్ళీ టీలోకి చూసుకుంది. ఉడుక్కుంటోందనుకుని ఆ రోజు రెండు బిస్కెట్లు ఎక్కువ తిన్నా.

ఒక్కటే చిక్కు. మొక్క తిన్నగా పెరుగుతోంది.

పసిది కదా, పెద్దదయ్యాక మెలి తిరుగుతుందనుకున్నా. నేలలో పెట్టా. తిన్నగా పెరిగింది. ఎరువు వేశా. ఇంకా తిన్నగా పెరిగింది. బియ్యం కడుగునీళ్ళు, మజ్జిగనీళ్ళు పోశా. మొదట్లోంచి ఇంకో మూడు కొమ్మలు లేచాయి, మూడూ తిన్నగానే. రెండో చలికాలం వచ్చి ఆకులు రాలేసరికి మా వాకిట్లో నా భుజం ఎత్తున నాలుగు కర్రలు నిలబడ్డాయి. తాపీమేస్త్రీలు తూకం గుండు వేలాడదీసి కట్టినట్టు ఉన్నాయి. నలభై ఏళ్ళు తాపీపని చేసిన మా ఆయన ఒక కన్ను మూసి చూసి, "రత్నం, నేను కట్టిన గోడ కూడా ఇంత నిటారుగా రాలేదు" అన్నారు.

సరే, ఎవరు చూడొచ్చారులే అనుకున్నా. అప్పుడు జుబేదా నోరు తెరిచింది. వచ్చే బుధవారం హాల్లో రంగులు వేస్తారని టీ ఎక్కడ పెట్టుకుందామన్న మాట వచ్చింది. "రత్నమ్మక్క ఇంట్ల పెట్టుకుందాం! ఎండ బాగొస్తది. ఆ మెలికల చెట్టు కూడ చూడొచ్చు. టీచరమ్మా, మీరు కూడ రావాలె!"

టీచరుగారు నా వంక చూసి, చాలా మర్యాదగా, "తప్పకుండా. నాకూ చూడాలనే ఉంది" అంది.

వారం రోజులు టైముంది. మొక్క చూపించకపోతే అబద్ధం చెప్పిందంటారు. ఈ కర్రల్ని చూపిస్తే దీని చేతిలో మెలికల చెట్టు కూడా మెలి మరిచిపోయిందంటారు. రెండూ నేను బతికుండగా జరగవు!

పద్మ మాత్రం, "అమ్మా, వెళ్ళి ఒకటి కొని పెట్టెయ్యరాదూ?" అంది. కొని పెడితే అది నేను బతికించింది ఎలా అవుతుంది? నాకది కావాలి. నా చేతిలో మొక్క బతుకుతుందని, ఆ ఆరుగురి ఎదురుగా ఆవిడ నోటితో చెప్పించాలి. అంతకంటే నాకు ఈ దేశంలో కావలసింది ఏమీ లేదు.

నా చేతిలో ఒక విద్య ఉంది కదా. జడ!

హేజెల్ లేతకొమ్మ మంచి మెత్తన. వంచితే వంగుతుంది, విరగదు. అప్పడాలకర్ర తెచ్చి ఒక కొమ్మని దానికి చుట్టా. రెండోదానికి చీపురుకర్ర. మూడోదానికి మా ఆయన గొడుగు. నాలుగోది సన్నది, దానికి మా పద్మ జుట్టు ఉంగరాలు తిప్పుకునే రోలర్లు వరసగా పెట్టా. చుట్టూ తడిగుడ్డ వేసి కట్టా. పొద్దున పోస్టు వెయ్యడానికొచ్చిన పిల్ల బండి ఆపి చాలాసేపు చూసింది. మా ఆయన వాన పడితే గొడుగు కోసం వాకిట్లోకి వెళ్ళి, చెట్టు వంక చూసి, తడుస్తూనే డెయిరీకి వెళ్ళి పాలు తెచ్చేవారు. "దాని జడ ఎప్పుడు విప్పుతావే?" అనేవారు వచ్చాక.

బుధవారం పొద్దున్నే కర్రలూ రోలర్లూ తీసేశా. మెలికలు నిలబడ్డాయి! ఒక నిమిషం నిలబడ్డాయి. తర్వాత నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా విచ్చుకోవడం మొదలుపెట్టాయి. పరుగెత్తుకెళ్ళి నార తెచ్చా. అరటినార ఇక్కడెక్కడ దొరుకుతుంది? మొక్కల షాపులో చెట్టురంగు నార ఉండ ఒకటి అమ్ముతారు, అదే. తడిపి మెలిక మెలికకీ ముడి వేశా. పూలు కట్టే ముడి, సన్నగా, బెరడులో కలిసిపోయేట్టు. పెళ్ళికూతురి జడకి కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. ఇరవై ముడులు. దూరంనించి చూశా. అబ్బ! టీచరుగారి చెట్టుకంటే బాగుంది. జడకుచ్చులు కూడా కడదామా అని ఒక్క క్షణం అనిపించింది కానీ వద్దనుకున్నా. మోసం చేసినా దానికో హద్దుండాలి.

పదకొండింటికి అందరూ వచ్చారు. వాకిట్లో కుర్చీలు వేశా. చేగోడీలు, టీ. ఆ ఆరుగురిలో నలుగురు వచ్చారు. టీచరుగారు చెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కళ్ళజోడు సర్దుకుంది. ముందునించి చూసింది, పక్కనించి చూసింది, వంగి మొదలు చూసింది. మొహంలో ఉడుకుమోత్తనం ఏమీ లేదు. లెక్క తప్పు వచ్చినప్పుడు టీచర్లు పలక వంక చూస్తారే, అలా చూస్తోంది.

"ఎలా ఉందంటారు?" అన్నా. నాలుగు చలికాలాల తర్వాత ఆవిడతో నా మొదటి మాట.

"ఆశ్చర్యంగా ఉంది" అంది టీచరుగారు.

నా కడుపు నిండిపోయింది. కుర్చీ చెట్టు పక్కనే వేసి కూర్చోబెట్టా. నా ఖర్మ!

గాలి మొదలైంది. మీకు తెలుసుగా, ఆ నార్వెస్ట్ గాలి. ఎక్కడో కొండలమీదనించి వేడిగా, పొడిగా వస్తుంది, తీగమీద ఆరేసిన చీర టీ తాగేలోపు ఆరిపోతుంది. చలికాలంలో అలాంటి గాలి వచ్చిందని అందరూ ముచ్చటపడుతున్నారు. శాలువాలు తీసేస్తున్నారు. నాకు మాత్రం ముచ్చట లేదు. పూలవాళ్ళకి ఒకటి తెలుసు. నార తడిగా ఉన్నంతసేపే ముడి పట్టు. ఆరిందా, జారుతుంది. కొట్టులో ఉన్నన్నాళ్ళూ పక్కన నీళ్ళచెంబు పెట్టుకుని నార తడుపుతూ ఉండేదాన్ని.

ఇక్కడ చెంబు పట్టుకుని అందరి ముందూ చెట్టుకి తల ఎలా తడపను?

"అక్కా" అంది జుబేదా చేగోడీ నముల్తూ, "మీ చెట్టు మెసులుతున్నది."

"గాలికి."

"గాలి అటు కొడుతున్నది. ఇది ఇటు తిరుగుతున్నది."

"హేజెల్ అంతే. దాని తీరే అంత."

ఒక కొమ్మ చివర మెల్లగా, చాలా మర్యాదగా, అర చుట్టు విప్పుకుంది. ఆ వెనక ఇంకోటి. సభలో ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డట్టు. నేను లేచి చెట్టుకీ కుర్చీలకీ మధ్య నిలబడి, "ఇంకాస్త టీ పొయ్యనా?" అన్నా. ఎవరూ నా వంక చూడడం లేదు. అందరూ నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే మా ఆయన కెటిల్‌తో బయటికొచ్చారు. చెట్టు చూసి, "అదేమిటి రత్నం, జడ అప్పుడే విప్పేశావే?" అన్నారు.

ఆ మాట కోసమే చూస్తున్నట్టు గొడుగు కొమ్మ ఉంది చూశారూ, దాని ముడులు మూడూ ఒక్కసారిగా జారాయి. సర్రుమని విచ్చుకుని, దారిలో టీచరుగారి కళ్ళజోడు తగిలించుకుని పైకి లేచి నిలబడింది! కళ్ళజోడు కొమ్మ చివర ఒక్క క్షణం ఊగింది. తర్వాత ఎగిరి చేగోడీల ప్లేటులో పడింది.

ఎవరూ నవ్వలేదు. అందుకే భయం వేసింది నాకు. జుబేదా వెళ్ళి కొమ్మ మీద వేలాడుతున్న నారని రెండు వేళ్ళతో లాగి, ఎత్తి పట్టుకుని చూసింది. "గిదేంది అక్కా?"

నేను కూర్చుండిపోయా. కుర్చీలో కాదు, గడ్డిమీద. ఇక దాచేదేముంది? "నర్సరీనించి కాదు. వ్రతంనాడు టీచరుగారి చెట్టు మొదట్లోంచి పీక్కొచ్చా. అడక్కుండా" అన్నా. గడ్డితో చెప్పినట్టు చెప్పా, ఎవరి మొహమూ చూడలేదు.

టీచరుగారు కళ్ళజోడు తీసుకుని కొంగుతో తుడుచుకుంది. నూనె అంటింది కదా. తీరిగ్గా పెట్టుకుని, "తెలుసు" అంది.

"తెలుసా!"

"వంటింటి కిటికీలోంచి చూశా. మీరు చెప్పు సర్దుకుంటుంటే. వేళ్ళు తెగుతాయేమో, కాస్త మెల్లగా లాగండి అని అరుద్దామనుకున్నా."

"మరి అరవలేదేం?"

"అరిస్తే బతకదుగా. అడక్కుండా తీసుకెళ్ళిందైతేనే బతుకుతుంది. మా వైపూ అంతే అంటారు. నేను చేతికిచ్చిన కరివేపాకు చచ్చిపోయింది. మంచులో పెట్టొద్దని మీకు చెప్పాల్సింది నేను. చెప్పకుండా ఇచ్చి, పైగా నలుగురిలో ఆ మాట అన్నా. దాన్ని సరిదిద్దుకోవాలంటే మీరు మాట్లాడరాయె. సంచిలో పెట్టుకుంటుంటే పోనీ, ఇదైనా బతుకుతుంది అనుకున్నా."

నాలుగు చలికాలాలు మోసిన కక్ష అండీ! అలా ఉన్నట్టుండి దింపమంటే ఎక్కడ దింపను?

"కానీ ఒకటి" అంది టీచరుగారు. "మీరు లాగింది నిటారు పిలక. అది అంటుకట్టిన చెట్టు. పైన మెలికలది, కింద మామూలు హేజెల్. కిందనించి వచ్చే పిలకలన్నీ మామూలువే, తిన్నగానే పోతాయి. వాటిని ఎప్పటికప్పుడు పీకేయాలని చీటీమీదే రాసుంది. నేను ప్రతినెలా పీకి గ్రీన్ బిన్‌లో వేస్తా. ఇవాళ ఇక్కడ మెలికలు చూసి నాకు మతిపోయింది. ఇదెలా సాధ్యమని ఇందాకట్నించీ ఆలోచిస్తున్నా!"

గ్రీన్ బిన్! ఆవిడ చెత్తలో వేసేదానికి నేను రెండేళ్ళు మజ్జిగనీళ్ళు పోశా. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది, మీకే చెబుతున్నా. అంటుగులాబీకి కిందనించి నాటుపిలక వస్తే కత్తిరించాలని ముప్ఫై ఏళ్ళు తెనాలిలో అందరికీ చెప్పింది నేనే. గులాబీకి తెలిసింది హేజెల్‌కి తెలియలేదు! కక్షలో ఉన్నప్పుడు కళ్ళు మొదలు చూడవు, కుచ్చులే చూస్తాయి.

అప్పుడు టీచరుగారు లేచి, మిగిలిన ముడులు తనే ఒక్కొక్కటీ విప్పింది. కొమ్మలు నాలుగూ హాయిగా నిలబడ్డాయి. వాటిని కిందనించి పైదాకా చూసి, ఆ నలుగురూ వినేట్టు, "ఏదైతేనేం, బతికింది. నేనెప్పుడూ చూడలేదు ఇంత బాగా బతికిన పిలకని. రత్నమ్మగారి చేతివాసి మంచిది" అంది.

విన్నారా? ఆవిడ నోటితోనే! నలుగురి ఎదుట! నేను గడ్డిమీద కూర్చుని ఉన్నాను, నారముక్కలు కొంగునిండా ఉన్నాయి, అయినా వినపడింది. అప్పుడు నవ్వారండీ అందరూ. నేనూ నవ్వా. మా ఆయన కెటిల్ కింద పెట్టి మరీ నవ్వారు.

సగం కక్ష అక్కడే వదిలేశా. మిగతా సగం ఉంచుకున్నా. అంతకాలం ఉన్నది ఒక్కసారిగా పోతే ఇల్లు బోసిపోయినట్టుంటుంది. ఆ రోజు రాని ఇద్దరిమీద పెట్టుకుంటా.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర టీచరుగారు గొంతు తగ్గించి, "మీరు నిటారుది పట్టుకెళ్ళిన వారమే, అసలైన మెలికల కొమ్మ ఒకటి వంచి మట్టిలో అంటు తొక్కా. వేళ్ళు పట్టేసింది. తల్లినించి కోసి ఉంచా. ఎప్పుడొచ్చి ఎత్తుకెళ్తారా అని ఎదురుచూస్తున్నా. ఇవ్వమంటారా?" అంది.

"ఇవ్వద్దు!" అన్నా, ఉలిక్కిపడి. "ఇస్తే చస్తుంది."

"మరి?"

"ఆదివారం పదింటికి మీరు లోపలుండండి. తెర వేసుకోండి. ఇటు చూడకండి."

ఆదివారం వెళ్ళా. గేటుకి గడియ తీసి ఉంది. చెట్టు పక్కన, ఎవరో మరిచిపోయినట్టు, చిన్న తవ్వుగోల ఒకటి, ఖాళీ సంచి ఒకటి పెట్టి ఉన్నాయి. కిటికీకి తెర వేసి ఉంది. అటూ ఇటూ చూసి వంగా. కింద చూస్తే ఏది అంటో ఏది పిలకో ఒక పట్టాన తెలియలేదు. బావుందనిపించిన దాన్ని గట్టిగా పట్టుకున్నా.

తెర వెనకనించి గొంతు. "ఎడమవైపు, రత్నమ్మగారూ! మళ్ళీ నిటారుదే పట్టుకున్నారు!"

"చూడనన్నారుగా!"

"చూడట్లేదు. చెబుతున్నానంతే. రాయి పెట్టి ఉన్నది, ఆ రాయి పక్కన. వేళ్ళు తెగకుండా, మెల్లగా... ఇంకాస్త లోతుగా... అదీ!"

మొక్క సంచిలో పెట్టుకుని ఇంటికొస్తూ ఆలోచించా. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పూలు కోసుకునేదాన్ని. డెబ్బై ఏళ్ళు వచ్చాక మళ్ళీ టీచరుగారి దగ్గర చేరా. దొంగతనం సరిగ్గా చెయ్యడం నేర్చుకోవడానికి!